పేరు లేని మా సంఘం

"మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని బడిలో అడిగితే మా అమ్మాయి రాసిన జవాబు కాగితం ఇప్పటికీ నా బీరువాలో భద్రంగా ఉంది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, ప్రైమరీ త్రీ చదువుతోంది. "మా అమ్మ ఆసుపత్రిలో పని చేస్తుంది. డాక్టరు కాదు, నర్సు కాదు. డాక్టర్లకు టైంటేబుల్ వేస్తుంది. వాళ్ళు హోంవర్కు చెయ్యకపోతే ఫోన్ చేసి అడుగుతుంది" అని రాసింది. టీచరుగారు దాని కింద ఒక నవ్వుముఖం బొమ్మ వేసి పంపించారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళలో నా ఉద్యోగం గురించి అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్ళు నాకు ఎవరూ తగల్లేదు!

సెలవులకి గుంటూరు వెళ్ళినప్పుడల్లా ఇదే తంతు. "ఆసుపత్రిలో అంటున్నావు కదే, ఈ మోకాలి నొప్పికి మంచి మాత్ర ఏదైనా చెప్పు" అని మా పెద్దమ్మ అడిగేది. నేను డాక్టర్ని కానంటే, "పోనీ నర్సువేగా, ఇంజెక్షనన్నా తెలిసుంటుంది" అనేది. అదీ కాదంటే నా వంక జాలిగా చూసి, "అయితే అక్కడ కూర్చుని ఏం చేస్తావే?" అనేది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. పెద్దమ్మ ఇప్పుడు లేదు. మన పిల్లలన్నా వింటారని ఆశ.

నా ఉద్యోగం పేరు రెసిడెన్సీ కోఆర్డినేటర్. ముందు ఆ రెసిడెన్సీ ఏమిటో చూద్దాం. అమెరికాలోని బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో తెరిచారు. అక్కడ విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్ అనే పెద్ద డాక్టర్లు, చదువు ముగించుకున్న కుర్ర డాక్టర్లను ఆసుపత్రిలోనే కాపురం పెట్టించి, రాత్రీ పగలూ రోగుల పక్కనే ఉంచి పని నేర్పేవారు. ఆసుపత్రిలో నివాసం ఉండేవాళ్ళు కాబట్టి వాళ్ళు 'రెసిడెంట్లు' అయ్యారు. మన ఊళ్ళలో 'హౌస్ సర్జన్' అంటాం చూడండి, ఆ మాటలోనూ ఒక ఇల్లు దాగి ఉంది! డిగ్రీ చేతికొచ్చినా చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళనే రెసిడెన్సీ అంటారు.

ఆ ఏళ్ళలో ఒక డాక్టరు ఏ నెల ఏ వార్డులో ఉండాలి, ఏ రాత్రి డ్యూటీ చెయ్యాలి, ఎన్ని ఆపరేషన్లలో చెయ్యి పెట్టాడు, గురువులు అతని పనిని ఎలా మదింపు వేశారు, పరీక్షకి ఫీజు కట్టాడా, సెలవు ఎంత మిగిలింది, పెళ్ళి ముహూర్తానికి ఎవరితో డ్యూటీ మార్చుకోవాలి... ఈ లెక్కలన్నీ ఒకచోట పెట్టుకుని కూర్చునే మనిషే కోఆర్డినేటర్. రోగికీ మాకూ ముఖపరిచయం ఉండదు. కానీ రోగి మంచం పక్కన నిలబడిన కుర్ర డాక్టరు నిద్రపోయి వచ్చాడా లేదా అన్నది మా కాగితంలో ఉంటుంది.

ఈ పని నా రక్తంలోనే ఉందేమో అనిపిస్తుంది. మా నాన్నగారు గుంటూరు వైద్య కళాశాలలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. 1946లో మొదలైన ఆ కళాశాలలో చదివి అమెరికాకీ, ఇంగ్లండుకీ వెళ్ళి పేరు తెచ్చుకున్న డాక్టర్లు కోకొల్లలు. నాన్నగారి బల్ల మీద ఎర్ర గుడ్డ అట్ట వేసిన పెద్ద రిజిస్టర్లుండేవి. హౌస్ సర్జన్లు ఎవరు ఎక్కడ ఎన్ని రోజులు చేశారో వాటిలో రాసేవారు. నేను బడినుంచి వచ్చేటప్పుడు ఆఫీసులో ఆగితే నాకు పెన్సిలు ఇచ్చి, "గీతలు వంకర పోకుండా కొట్టమ్మా" అనేవారు. "ఇక్కడ ఒక్క రోజు తేడా వస్తే అక్కడ ఒక పిల్లాడికి ఏడాది పోతుంది తల్లీ" అని ఆయన అంటుంటే, అప్పట్లో అదంతా గుమాస్తాల గొప్ప అనుకునేదాన్ని.

మేము 2004లో సింగపూరు వచ్చాం. మావారికి ఐటీ ఉద్యోగం. క్లెమెంటిలో ఒక హెచ్‌డీబీ ఫ్లాటులో అద్దెకి దిగాం. ఇక్కడ ఉంటున్నవాళ్ళకి తెలుసు, క్లెమెంటి పక్కా చదువుల పేట. ఒక పక్క పాలిటెక్నిక్, ఇంకో పక్క కెంట్ రిడ్జిలో నేషనల్ యూనివర్సిటీ, అక్కడే 1985లో తెరిచిన యూనివర్సిటీ ఆసుపత్రి. బ్లాక్ 448 హాకర్ సెంటర్లో ఏ పూట చూసినా మెడలో ఆసుపత్రి కార్డు వేలాడేసుకుని నూడుల్స్ గిన్నె ముందు కునికిపాట్లు పడే కుర్రాడు ఒకడైనా కనిపిస్తాడు. అప్పట్లో నేను వాళ్ళని చూసి, "పాపం, రాత్రంతా చదివినట్టున్నాడు" అనుకునేదాన్ని.

పాప కాస్త పెద్దదయ్యాక ఉద్యోగం వెతుక్కుంటే ఊరికి ఆ చివరున్న ఒక ఆసుపత్రిలో దొరికింది. ఆసుపత్రి పేరు ఇక్కడ అప్రస్తుతం. క్లెమెంటి స్టేషన్లో ఎమ్మార్టీ ఎక్కితే గంట ప్రయాణం. మొదట్లో ఉత్తరాలు టైపు చెయ్యడం, సమావేశాలకు గదులు చూడడం, అంతే. అప్పటిదాకా సింగపూరులో స్పెషలిస్టు శిక్షణ బ్రిటిషు పద్ధతిలో సాగేది. బేసిక్ ట్రెయినింగు, ఆ పైన అడ్వాన్స్‌డ్ ట్రెయినింగు, మధ్యలో ఎమ్మార్సీపీలాంటి పరీక్షలు.

2010లో అంతా మారిపోయింది. ఆరోగ్య మంత్రిత్వ శాఖ అమెరికా తరహా రెసిడెన్సీని తెచ్చింది. సింగ్‌హెల్త్, నేషనల్ హెల్త్‌కేర్ గ్రూపు, నేషనల్ యూనివర్సిటీ హెల్త్ సిస్టం, ఈ మూడు సంస్థల కింద శిక్షణ కార్యక్రమాలు మొదలయ్యాయి. వాటికి గుర్తింపు ఇచ్చే బాధ్యత అప్పట్లో అమెరికాలోని ఏసీజీఎమ్ఈ అనే సంస్థ అంతర్జాతీయ విభాగానికి అప్పగించారు. వైద్యజ్ఞానం, రోగి సంరక్షణ, మాటతీరు, వృత్తిధర్మం లాంటి 6 అంశాలలో ప్రతి రెసిడెంటునీ కొలవాలి. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు దాటి పని చేయించకూడదు. ఏడు రోజులకి ఒక రోజు సెలవు ఉండాలి. వీటన్నిటికీ రుజువులుండాలి. ఆ రుజువులు ఎవరు కూర్చాలి? ఒక సోమవారం పొద్దున మా మేనేజరు వచ్చి, "ఇవాళ్టి నుంచి నువ్వు కోఆర్డినేటర్‌వి" అంది. "ఆ పని ఎలా చెయ్యాలి?" అని అడిగితే, "నువ్వు చేస్తే మాకూ తెలుస్తుంది" అని నవ్వేసింది.

ఎక్సెల్ తెరిచి, వెనకటికి నాన్నగారి రిజిస్టర్లో కొట్టినట్టే గీతలు కొట్టుకున్నాను. పక్క విభాగంలో ఎవరు ఏం చేస్తున్నారో నాకు తెలియదు. పక్క ఆసుపత్రి సంగతి అసలే తెలియదు. ఎవరి గూట్లో వాళ్ళం. అడిగితే 'ఈవిడకి పని రాదు' అనుకుంటారేమోనని భయం. నాలుగైదు నెలలు అలాగే లాక్కొచ్చాను.

అప్పుడు జరిగిందా సంగతి.

మా రెసిడెంట్లలో ఒక కుర్రాడుండేవాడు. నెమ్మదస్తుడు, ఎవరు ఏ డ్యూటీ మార్చమన్నా కాదనేవాడు కాదు. ఒక నెలాఖరున అతను మా ఆసుపత్రినుంచి ఇంకో ఆసుపత్రికి మారాలి. 31వ తేదీ రాత్రి డ్యూటీ నేనే వేశాను. నా షీటు 31తో అయిపోయింది. 1వ తేదీ పొద్దున అతను కొత్తచోట చేరాలి. అక్కడి కోఆర్డినేటర్ తన షీటులో 1వ తేదీ రాత్రి డ్యూటీ వేసింది. ఆమె షీటు 1తో మొదలవుతుంది. నా కాగితం తప్పు కాదు, ఆమె కాగితమూ తప్పు కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. ఆ కుర్రాడు ఇక్కడ రాత్రంతా మేలుకుని, తెల్లవారి అక్కడికి వెళ్ళి, ఆ పగలూ ఆ రాత్రీ మళ్ళీ డ్యూటీలో నిలబడ్డాడు. కొత్త చోటు కదా, మొదటి రోజే నోరు విప్పి అడగడానికి మొహమాటపడ్డాడు.

2వ తేదీ తెల్లవారుజామున అతను ఒక రోగికి మందు రాస్తూ ఒక సున్నా ఎక్కువ వేశాడు.

ఫార్మసీలో ఉన్నావిడ చూసింది కాబట్టి సరిపోయింది. ఆ మందు రోగిదాకా పోలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తప్పు తప్పే కదా. విచారణకి కాగితాలు వచ్చాయి. "అలిసిపోతే చెప్పాల్సిన బాధ్యత రెసిడెంటుది, అతనెందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న దగ్గర అందరూ ఆగారు. షీట్ల సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు మాత్రం ఆ కాగితం చూడగానే గుండె జారిపోయింది. 31కీ 1కీ మధ్యనున్న ఆ రాత్రి ఎవరి లెక్కలోనూ లేదు!

నిజం చెప్పాలంటే, ఆ రాత్రి నేను నోరు మూసుకుని ఊరుకుందామనే అనుకున్నాను. నన్నెవరూ అడగలేదు. మేము ఇక్కడ వర్క్ పాస్ మీద ఉన్నవాళ్ళం, ఉద్యోగం పోతే మళ్ళీ దొరకడం కష్టం. మావారు కూడా, "నీ మీదికి ఎందుకు తెచ్చుకుంటావు?" అన్నారు. నిద్రపట్టక గుంటూరికి ఫోన్ చేశాను. నాన్నగారు అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నెల మారినప్పుడు నేను కొత్త పేజీ తలకట్టులో ఎర్ర పెన్సిలుతో ఏం రాసేవాడినో గుర్తుందా తల్లీ?" అన్నారు.

గుర్తొచ్చింది. పాత నెల చివరి రెండు రోజుల డ్యూటీలు కొత్త పేజీ పైన ఎర్రగా ఎత్తి రాసి, కింద గీత కొట్టి, అప్పుడు 1వ తేదీ మొదలుపెట్టేవారు. "పేజీ మారుతుంది గానీ మనిషి మారడుగా. అలుపు వాడితోపాటే కొత్త పేజీలోకి వస్తుంది" అన్నారు. అంతే. ఊరుకోమనీ అనలేదు, చెప్పెయ్యమనీ అనలేదు.

మర్నాడు రెండు షీట్లూ ప్రింటు తీసి పక్కపక్కన అతికించి, మా డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను. "ఇందులో పిల్లాడి తప్పు కంటే నా తప్పు ఎక్కువుంది సార్" అన్నాను. ఆయన చాలాసేపు ఆ కాగితాలవంకే చూశారు. తర్వాత విచారణలో ఆ కాగితాలు పెట్టారు. కుర్రాడి ఫైల్లో మచ్చ పడలేదు. నాకు ఒక మెమో వచ్చింది. దానికి నేను ఏడవలేదు గానీ, ఆ కుర్రాడు వచ్చి "థాంక్యూ ఆంటీ" అన్నప్పుడు మాత్రం ఆగలేదు.

ఆ సాయంత్రమే అవతలి ఆసుపత్రి కోఆర్డినేటర్‌కి మొదటిసారి ఫోన్ చేశాను. ఆమె గొంతు వణుకుతోంది. ఆమె కూడా రెండు రోజులుగా నిద్రపోలేదట! మాట్లాడుకుంటుంటే ఆమె ఉండేది కూడా క్లెమెంటిలోనే అని తెలిసింది. మా బ్లాకుకి నాలుగు బ్లాకుల అవతల. ఇన్నేళ్ళూ ఒకే మార్కెట్లో కూరలు కొనుక్కుంటూ ఒకరికొకరం తెలియదు! ఆ శనివారం బ్లాక్ 448లో కలుద్దామనుకున్నాం.

అలా మొదలైంది మా సంఘం. ఆమె చైనీస్ అమ్మాయి. తర్వాతి శనివారానికి తనకు తెలిసిన ఒక మలయ్ ఆవిడని తీసుకొచ్చింది. ఆవిడ మా అందరికంటే పెద్దది కాబట్టి అందరం 'కాక్' అనేవాళ్ళం, మలయ్ భాషలో అక్క అని అర్థం. ఇంకో నెలకి ఒక తమిళ స్నేహితురాలు చేరింది. కోపి తాగడం, ఎవరి ఎక్సెల్ షీటు వాళ్ళు బల్ల మీద పరచడం. ఒకరికి సెలవుల లెక్క బాగా వచ్చు, ఒకరికి ఆపరేషన్ల లెక్క ఎలా వసూలు చెయ్యాలో తెలుసు. "రెసిడెంట్లు ఫారాలు నింపరు, ఏం చెయ్యను?" అని నేను గోలపెడితే, కాక్ నవ్వి, "మధ్యాహ్నం భోజనానికి గది బుక్ చెయ్యి, బిర్యానీ తెప్పించు, తలుపు దగ్గర ఫారాలు పట్టుకుని నువ్వు నిలబడు" అంది. ఈ సూత్రం ఎన్నడూ తప్పలేదు! నేనిచ్చిన సలహా ఒకటే, నాన్నగారి ఎర్ర గీత. పాత చోటి చివరి రెండు రోజులు కొత్త షీటు తలకట్టులో ఎర్ర రంగులో పెట్టాలి, నెల మారే ముందు ఒకరికొకరం ఫోన్ చేసుకోవాలి. నలుగురమూ అలాగే చేశాం. ఆ తర్వాత మా నాలుగు షీట్ల మధ్య అలాంటి రాత్రి మళ్ళీ జారిపోలేదు.

2011లో ఒక శిక్షణ తరగతికి అమెరికానుంచి ఒకావిడ వచ్చారు. అరవైకి దగ్గర పడిన మనిషి, ఒక సర్జరీ విభాగంలో పాతికేళ్ళకు పైగా కోఆర్డినేటర్‌గా చేశారు. తరగతి అయ్యాక ఆవిడని మా బల్లకి పిలిచాం. కాయా టోస్టు తింటూ మా నలుగురి కథా విని, "మీరు మా కథే నాకు చెబుతున్నారు!" అన్నారు. అప్పుడే నాకు ఈ వృత్తికి ఒక చరిత్ర ఉందని తెలిసింది.

అమెరికాలో రెసిడెన్సీ పాతదే గానీ, దానికి కాగితాల బరువు మెల్లగా పెరిగింది. 1952లో ఏ డాక్టరు ఏ ఆసుపత్రిలో చేరాలో తేల్చే 'మ్యాచ్' పద్ధతి వచ్చింది. 1981లో ఏసీజీఎమ్ఈ ఏర్పడింది. ఒక్కో స్పెషాలిటీకి ఒక్కో సమీక్ష సంఘం, నియమాల పుస్తకాలు, కొన్నేళ్ళకొకసారి తనిఖీకి వచ్చేవారు. తనిఖీకి ముందు నింపాల్సిన ఫారం ఒక్కోసారి టెలిఫోన్ డైరెక్టరీ అంత లావయ్యేదట. అది నింపేది ఎవరు? విభాగం పెద్దగారి సెక్రటరీ. ఆమెకి ఆ పనికి వేరే జీతం లేదు, వేరే పేరూ లేదు. ఉత్తరాల మధ్యలో ఇదీ ఒక పని.

మధ్యలో ఒక విషాదం జరిగింది. 1984 మార్చిలో న్యూయార్కులో లిబీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటలకే చనిపోయింది. ఆమెను చూసుకున్న కుర్ర డాక్టర్లు గంటల తరబడి ఎడతెగకుండా డ్యూటీలో ఉన్నవాళ్ళు, వాళ్ళ మీద ఆ రాత్రి ఎందరో రోగుల భారం ఉంది. ఆమె తండ్రి సిడ్నీ జయాన్ పత్రికా రచయిత. ఆయన ఊరుకోలేదు. ఆయన పోరాటం ఫలితంగా 1989లో న్యూయార్కు రాష్ట్రం వారానికి 80 గంటల పరిమితి పెట్టింది. 2003 జూలైలో ఏసీజీఎమ్ఈ అదే పరిమితిని దేశమంతటా తెచ్చింది. క్లెమెంటిలో కూర్చుని నేను ఎక్సెల్‌లో కూడుకుంటున్న ఆ 80 అంకె వెనక ఒక అమ్మాయి ప్రాణం ఉందని ఆ రోజు తెలిసి నాకు ఒళ్ళు జలదరించింది. మా కుర్రాడు వేసిన ఆ సున్నాని ఫార్మసీలో ఎవరూ చూడకపోయి ఉంటే?

నియమం వచ్చింది సరే, గంటలు లెక్కపెట్టేది మాత్రం మళ్ళీ ఆ సెక్రటరీయే. "మా డైరెక్టర్లకి సంఘాలుండేవి, ఏటా సదస్సులుండేవి. వాళ్ళ ఫైళ్ళు సర్దడానికి మేమూ వెళ్ళేవాళ్ళం. లోపల వాళ్ళు ఉపన్యాసాలు వింటుంటే బయట వరండాలో కాఫీ కప్పులు పట్టుకుని మేము మాట్లాడుకునేవాళ్ళం. మాకు కావలసిన చదువు ఆ వరండాలోనే ఉందని తొందరగానే అర్థమైంది" అన్నారావిడ.

అలా ఒక్కో విభాగంలో కోఆర్డినేటర్లు కూడగట్టుకున్నారు. సర్జరీ విభాగాల వాళ్ళు రెసిడెన్సీ కోఆర్డినేటర్ల సంఘం పెట్టుకుని, డైరెక్టర్ల సదస్సు జరిగే ఊళ్ళోనే, అవే రోజుల్లో తమ సభలూ పెట్టుకున్నారు. ఎముకల వైద్యం వాళ్ళకి ఒక సంఘం, ఫ్యామిలీ మెడిసిన్ వాళ్ళకి ఇంకొకటి వచ్చాయి. పిల్లల వైద్యంలోనైతే డైరెక్టర్ల సంఘంలోనే వీళ్ళకీ చోటిచ్చారు. తర్వాత వృత్తి నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చే ఒక బోర్డు కూడా వచ్చింది. దాని షరతులు నెగ్గినవాళ్ళు డాక్టర్లలాగే తమ పేరు వెనక అక్షరాలు పెట్టుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చినది వాళ్ళ పేరు మారిన వైనం. సర్జరీ వాళ్ళ సంఘం పేరులో మొదట 'కోఆర్డినేటర్లు' అని ఉండేది. తర్వాత దాన్ని 'అడ్మినిస్ట్రేటర్లు' అని మార్చుకున్నారు. సెక్రటరీ, కోఆర్డినేటర్, అడ్మినిస్ట్రేటర్... ఈ మూడు మాటల మధ్య ఒక తరం ఆడవాళ్ళ పోరాటం ఉంది. పేరులో ఏముంది అంటాం గానీ, జీతం కాగితం మీద ఏ పేరుంటే ఆ మేరకే మాట చెల్లుతుంది. చివరికి 2019 జూలైలో అమల్లోకి వచ్చిన ఏసీజీఎమ్ఈ సాధారణ నియమాల్లో, ప్రతి శిక్షణ కార్యక్రమానికీ ఒక కోఆర్డినేటర్ ఉండి తీరాలని, ఆమె పనివేళల్లో కనీసం సగం ఈ పనికే కేటాయించాలని రాశారు. మా కాక్ ఆ పేజీ ఫోటో తీసి మా వాట్సాప్ గుంపులో పెట్టి, పక్కన ఒక్క మాట రాసింది: "అమ్మయ్యా!"

ఆవిడ వెళ్ళేటప్పుడు నేను అడిగాను, "మేము కూడా సంఘం రిజిస్టరు చేయించుకోవాలంటారా?" అని. "అది మీ ఇష్టం. కానీ రిజిస్టరు చేయించుకున్న రోజు సంఘం పుట్టిన రోజు కాదు. మీ సంఘం ఎప్పుడో పుట్టేసింది. నువ్వు ఫోన్ తీసిన రోజున" అన్నారు.

మేము చివరికి రిజిస్టరు చేయించుకోలేదు. పేరు పెట్టుకోలేదు, అధ్యక్షులు లేరు, కోశాధికారి లేరు. కోపి డబ్బులు ఎవరు ముందు లేస్తే వాళ్ళు ఇచ్చేవాళ్ళం. నలుగురం పది మందిమి అయ్యాం. క్లెమెంటి మాల్ తెరిచాక కొత్తగా చేరిన చిన్నపిల్లలు ఏసీ ఉంటుంది అక్కడ కూర్చుందామన్నారు గానీ, కాక్ ఒప్పుకోలేదు. "ఫ్యాను కింద కూర్చుంటేనే మాటలు తొందరగా అవుతాయి" అనేది.

ఆ బల్ల విలువ మాకు 2020లో పూర్తిగా తెలిసొచ్చింది. ఫిబ్రవరి 7న కోవిడ్ హెచ్చరికను ఆరెంజికి పెంచారు. వైద్య సిబ్బంది ఒక ఆసుపత్రినుంచి ఇంకో ఆసుపత్రికి తిరగకూడదన్నారు. రెసిడెన్సీ అంటేనే తిరగడం! ఒకటో తారీకున ఎక్కడున్నవాళ్ళు అక్కడే చిక్కుకుపోయారు. పిల్లల డాక్టరు కావలసినవాడు ఇంకోచోట ఆగిపోయాడు, పరీక్షలు వాయిదా పడ్డాయి, శిక్షణ నెలలు తరిగిపోతున్నాయి. ఏప్రిల్‌లో సర్క్యూట్ బ్రేకర్ మొదలయ్యాక హాకర్ సెంటర్లో కూర్చోవడానికీ వీల్లేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్లలో ముఖాలు చూసుకుంటూ, ఎవరి రెసిడెంటు ఎక్కడున్నాడు, ఎవరికి ఏ నెల బాకీ, ఎవరు పది రోజులుగా సెలవు లేకుండా చేస్తున్నారు అని ఒకే ఒక్క షీటు తయారు చేశాం. ఆ షీటు నెత్తిన మొదటి రెండు గడులు ఎర్ర రంగులో ఉన్నాయి. నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ గీత ఎవరిదో ఆ గుంపులో చాలామందికి తెలియదు. కొత్త పిల్ల ఒకతె, "ఇది ఎక్కడి పద్ధతి?" అని అడిగితే, "గుంటూరు పద్ధతి" అని చెప్పాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

నేను ఆ ఉద్యోగం మాని కొన్నేళ్ళయింది. ఇంకా క్లెమెంటిలోనే ఉంటున్నాం. ఆనాటి కుర్రాడు ఇప్పుడు పెద్ద డాక్టరు, తన కింద రెసిడెంట్లున్నారు. ఎప్పుడైనా కనిపిస్తే, "ఆంటీ, కొత్తవాళ్ళు వచ్చిన మొదటి రోజు నేను అడిగే మొదటి ప్రశ్న, నిన్న రాత్రి ఎక్కడున్నావని" అంటాడు. అంతకంటే నాకేం కావాలి!

మన తెలుగువాళ్ళకి సంఘాలు కొత్త కాదు. సింగపూరు తెలుగు సమాజం 1975లో మొదలైంది. దాని వెనక కూడా, ఉగాదికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందని ఒకరినొకరు అడిగిన ఇళ్ళు కొన్ని ఉండే ఉంటాయి. పెద్ద వేదికలు, దీపాలు, శాలువాలు తర్వాత వచ్చేవి. ముందు వచ్చేది, 'నాకు ఇది తెలియడం లేదు, నువ్వెలా చేస్తున్నావు?' అని అడగగల ధైర్యం. నాకు ఆ ధైర్యం ఒక తప్పు జరిగాక గానీ రాలేదు. అదే నా బాధ.

పిల్లలూ! మీలో చాలామంది డాక్టర్లు కావాలనుకుంటున్నారు, లేదా మీ అమ్మానాన్నలు అనుకుంటున్నారు. చాలా మంచిది. ఆ తెల్లకోటు వేసుకున్న రోజున, మీ పేరు ఒక షీటులో రాసి పెట్టిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషి పేరు ఏ బోర్డు మీదా ఉండదు. ఒకసారి ఆ గదికి వెళ్ళి పలకరించండి. ఫారాలు వేళకి నింపి ఇవ్వండి. అలిసిపోతే మొహమాటపడకుండా చెప్పండి.

ఒకవేళ మీరు ఆ షీటు రాసే మనిషే అయ్యారనుకోండి, నెల చివర గీత కొట్టాక ఒక్క నిమిషం ఆగండి. పక్క ఆసుపత్రిలో మీలాగే ఒకరు కొత్త పేజీ మొదలుపెడుతుంటారు. ఫోన్ చెయ్యండి. ఎవరికి తెలుసు, మీ ఇంటికి నాలుగు బ్లాకుల అవతలే ఉంటారేమో!